గోడవైపు తిప్పిన బండి

రయ్యా పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని రఖాల్ రొట్టెలు చేస్తోంది. జారుగా కలిపిన పిండి చేత్తో తీసి, కాలిన పెనం మీద పలచగా రాసి, అంచు లేవగానే ఒలిచి పక్కన వేస్తోంది. వేళ్ళు కాల్చుకోకుండా ఈ రొట్టె చేయడం అందరికీ రాదు. రయ్యాకి చిన్నప్పుడే వచ్చేసింది. తల్లి గాలియా చాప మీద కూర్చుని ఖర్జూరాల్లో గింజలు తీస్తూ కూతురి చేతుల్నే చూస్తోంది. ఆ పిల్ల చేతులంటే ఆవిడకి ముచ్చట. ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆ సంగతి చెబుతుంది కూడా.

వాకిట్లో బండి మోగింది. గాలియా చేతిలో ఖర్జూరం అలాగే ఉండిపోయింది. ఎనిమిది సిలిండర్ల బండి స్టార్టయితే, ఎడారి అంచున ఉన్న మా బిదియాలో వీధి చివరి ఇంటికి కూడా తెలుస్తుంది. గొంతులో ఏదో అడ్డం పడ్డ పెద్దమనిషి ఖాండ్రించినట్టు లోపల్నుంచి వస్తుంది ఆ చప్పుడు. ఖల్ఫాన్ బ్యాటరీ చచ్చిపోకుండా దాన్ని కాసేపు ఆడించి, ముందుకీ వెనక్కీ తీసి, మళ్ళీ ఎప్పటిలాగే వెనక భాగం గోడకి ఆనించి ఆపేశాడు. ఇంత వాకిలి ఉండగా ఆ గోడకి అంటించి పెట్టడమేమిటని చుట్టుపక్కల వాళ్ళు మొదట్లో అడిగేవాళ్ళు. ఇప్పుడు అడగడం మానేశారు.

అతను లోపలికొచ్చి కూర్చున్నాడు. గాలియా కాఫీ ఫ్లాస్కునీ, పిడిలేని చిన్న కప్పునీ అతని ముందుకి తోసింది. తోసిందంతే, పొయ్యలేదు. మాలో ఎదుటివాడి కప్పు ఇంకొకరు నింపాలి. చాలు అనుకున్నవాడు కప్పుని కాస్త ఆడించి చూపించాలి. అప్పటిదాకా పోస్తూనే ఉండాలి. ఖల్ఫాన్ తన కాఫీ తనే పోసుకుని తాగుతూ రెండు చలికాలాలు గడిచిపోయాయి.

హిలాల్ పోయి కూడా అన్నాళ్ళే అయింది. ఇంటికి పెద్దకొడుకు. గాలియా మొగుణ్ణి పిలిస్తే అబూ హిలాల్ అని పిలిచేది, హిలాల్ తండ్రీ అని. మాలో పెళ్ళాలు మొగుళ్ళని అలాగే పిలుస్తారు. కొడుకుని మట్టిలో పెట్టిన రోజు నుంచి ఆ పిలుపు ఆవిడ నోట రాలేదు. ఇంకో పేరు పెట్టి పిలిచిందా అంటే అదీ లేదు. ఏదన్నా చెప్పాల్సి వస్తే గాలిలోకి చూసి చెబుతుంది.

మా ఊరి మగాళ్ళ సంగతి చెప్పాలి. కూతురి సంబంధానికైనా అంత ఆలోచించరు గానీ, బండికి ఆరు సిలిండర్లా ఎనిమిదా అన్నదానికి నెలలు తీసుకుంటారు. ఆరుదైతే ముందుభాగం తేలిక, ఇసుకలో కూరుకుపోదు, పెట్రోలు తక్కువ తాగుతుందని ఒక జట్టు. ఎనిమిదైతే ఎంత తిన్నెనైనా ఒక్క ఊపులో ఎక్కేస్తుంది, ఇరుక్కున్నవాణ్ణి లాగాలన్నా దానికే దమ్ముంటుందని ఇంకో జట్టు. మగాళ్ళు నలుగురు చేరి ఈ మాటెత్తితే కాఫీ చల్లారిపోవాల్సిందే. వినడానికి సరదాగానే ఉంటుంది. ఖల్ఫాన్ ఇంట్లో మాత్రం ఆ మాటొస్తే ఎవరో ఒకరు కంచం ముందు నుంచి లేచిపోతారు.

హిలాల్‌కి తండ్రి కొనిపెట్టింది ఆరుది. తనకి మాత్రం ఎనిమిది. ఒక శుక్రవారం సాయంత్రం తండ్రీ కొడుకూ కూతురూ ఇసుకలోకి వెళ్ళారు. హిలాల్ బండి రెండు తిన్నెల మధ్య గుంటలో దిగబడింది. తండ్రి తన బండికి తాడు కట్టి లాగాడు. ఇనుపముక్క ఏదో ఊడి, ఎగిరి వెనక్కొచ్చి, హిలాల్ బండి అద్దాన్నీ దాని వెనకున్న హిలాల్‌నీ కొట్టింది. ఇంట్లో ఉండిపోయిన గాలియాకి తెలిసింది ఇంతే. ఇంతకన్నా వినే ఓపిక కూడా అప్పుడు ఆవిడకి లేదు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒకటే రగడ. ఎనిమిది కొనిపెట్టి ఉంటే వాడు అసలు ఇరుక్కునేవాడే కాదు, చిన్న బండి కొనిచ్చి నా చేతులతో చంపుకున్నాను అంటాడు ఖల్ఫాన్. నీ ఎనిమిది పిచ్చిపట్టినట్టు లాగబట్టే ఇనుము ఊడింది, ఆరుదైతే అంత లాగుడు లాగేదా అంటుంది గాలియా. వాళ్ళిద్దరూ అలా కొట్టుకుంటుంటే రయ్యా లేచి గొర్రెలకి గడ్డి వెయ్యడానికి పోతుంది. గొర్రెలు మాత్రం బాగా కండపట్టాయి.

ఇప్పుడు రయ్యాకి ఉద్యోగం వచ్చింది. ఇసుక లోపల, ఎడారి సంచారులైన బదూల పల్లెలో బడి, అందులో పంతులమ్మ. తారురోడ్డు లేదు. తిన్నెల మీదుగా రోజూ పోయి రావాలి, అంటే బండి కావాలి. రేపు ఆదివారం చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఇబ్రా ఊళ్ళోని షోరూంలో రెండు బండ్లున్నాయి, ఆరుది ఒకటి, ఎనిమిది ఒకటి. ఏది కావాలో మధ్యాహ్నం నమాజులోపు చెప్పమని అక్కడి సులేమాన్ నిన్ననే ఫోన్ చేశాడు.

ఖల్ఫాన్ కప్పు కింద పెట్టి, పెనం వైపు చూస్తూ మామూలుగా అన్నాడు.

"ఎనిమిది తీసుకుంటున్నాను. సులేమాన్‌కి చెప్పేస్తా."

గాలియా ఖర్జూరాల పళ్ళెం పక్కకి నెట్టింది. "చెప్పు. చెప్పి, శవం మీద కప్పే తెల్లగుడ్డ కూడా ఒకటి తెప్పించి ఇంట్లో పెట్టు. మళ్ళీ వెతుక్కోకుండా."

"అందుకేనే నేను చెప్పేది. ఎనిమిదైతే అది ఇరుక్కోదు. ఇరుక్కోకపోతే ఎవడూ లాగక్కర్లేదు."

"ఊళ్ళో ఎవడు ఇరుక్కున్నా ఎనిమిది ఉన్నవాళ్ళకే కదా ఫోన్ చేస్తారు. రోజూ ఎవణ్ణో ఒకణ్ణి లాగడానికి పోతుందా ఇది? ఆరుదైతే ఇవ్వు. లేకపోతే ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు. నా కళ్ళముందు కూర్చుని రొట్టెలు చేసుకుంటుంది."

ఆ తర్వాత మాటలు రెండు చలికాలాలుగా నలిగిన దారిలోనే నడిచాయి. నీ ఎనిమిది బండి అని ఒకరు, నా బండి కాదే నా పిసినారితనం అని ఒకరు. గాలియా గొంతు పెంచింది. కొడుకుని పొట్టనపెట్టుకున్నది చాలదా, ఆ దయ్యాన్ని ఇంకా వాకిట్లో పెట్టుకుని వారంవారం మోగించి నా గుండె మీద తొక్కుతున్నావు, నువ్వసలు మనిషివేనా అని అడిగింది. ఖల్ఫాన్ తల దించుకుని, కానుక పుచ్చుకున్నవాడిలా ఆ తిట్లన్నీ పుచ్చుకున్నాడు. అలా పుచ్చుకోవడం చూస్తే గాలియాకి ఒళ్ళు ఇంకా మండుతుంది.

పెనం మీద రొట్టె మాడిపోతోంది. రయ్యా తియ్యలేదు.

"ఆరూ కాదు, ఎనిమిదీ కాదు అమ్మా," అంది. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "తాడు తగిలించింది నేను."

ఖల్ఫాన్ దిగ్గున తలెత్తాడు. "నువ్వు లోపలికి పో."

"పోను నాన్నా."

"తాడు కట్టింది నేనే. పోలీసులకీ అదే చెప్పాను. ఇది నిద్రలేక ఏదో మాట్లాడుతోంది."

గాలియా ఒకసారి మొగుడి మొహం, ఒకసారి కూతురి మొహం చూసింది. పొయ్యి కట్టేసింది. "ఏం తాడు? ఎక్కడ తగిలించావు?" అని అడిగింది.

రయ్యా తల్లి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళింది. బండికీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు. ఇద్దరూ అందులోకి దూరారు. పడవనో పెట్టెబండినో తగిలించుకోవడానికి బండి వెనక ఇనప గుండు ఒకటి ఉంటుంది కదా, నారింజకాయంత. ఆ గుండు ఉండాల్సిన చోట విరిగిన మొదలు మాత్రం ఉంది, తుప్పు పట్టి. రయ్యా వంగి, దాని కిందుగా ఇనప చట్రానికి బిగించి ఉన్న కొక్కేన్ని చూపించింది.

ఇసుకలో తిరిగేవాళ్ళకి ఎవరికైనా తెలిసిన సంగతే అది. లాగేటప్పుడు తాడు ఆ కొక్కేనికే వెయ్యాలి, గుండుకి వెయ్యకూడదు. ఆ రోజు తండ్రి బండి వెనక్కి దిగుతూ దిగుతూ వెనక భాగం ఇసుకలో కూరుకుంది. కొక్కెం కనపడలేదు, తవ్వాలి. పొద్దు వాలిపోతోంది, త్వరగా తగిలించమని తండ్రి కేక వేశాడు. గుండు పైకే ఉంది, చేతికి అందింది. రయ్యా తాడు దానికి తగిలించి పక్కకి తప్పుకుంది. తండ్రి బండిని ఒక్క దూకుడు దూకించాడు. ఆ ఊపుకి గుండు విరిగి, తాడుతో సహా వెనక్కి ఎగిరింది. ఇదంతా రయ్యా ఏడవకుండా చెప్పింది. అన్నయ్య లోపల్నుంచి చేత్తో సైగ చేసి నవ్వాడు, రా రా త్వరగా అన్నట్టు, అని చెప్పేసరికి మాత్రం మాట ఆగిపోయింది.

"కాస్త తవ్వితే సరిపోయేదమ్మా," అంది చివరికి. "పార బండిలోనే ఉంది."

ఖల్ఫాన్ సందు మొదట్లో నిలబడి ఉన్నాడు.

"నేను అద్దంలో చూశాను," అన్నాడు. "దాని చెయ్యి పైన ఉండటం చూశాను. కింద ఉండాల్సిన చెయ్యి పైన ఉంది. దిగి చూడాల్సింది నేను. చాలామంది అలాగే లాగుతారు, ఏం కాదులే అనుకున్నాను. తొక్కాను."

రయ్యా బండికి ఆనుకుని కూలబడిపోయింది. తండ్రికి తెలుసని ఆ పిల్లకి తెలియదు. తనొక్కతే మోస్తున్నానని అనుకుంటూ ఇన్నాళ్ళూ ఆయన కళ్ళలోకి చూడకుండా తిరిగింది. ఆయన కూడా తన చూపు తప్పించుకు తిరిగింది అందుకేనని ఇప్పుడు అర్థమైంది.

గాలియా విరిగిన ఇనుము మీద వేలు పెట్టి రాసింది. వేలికి తుప్పు అంటుకుంది. దాన్ని చూస్తూనే మొగుణ్ణి అడిగింది.

"ఇన్నాళ్ళూ నేను నిన్ను అన్ని మాటలన్నాను. కొడుకుని తిన్నావన్నాను. ఒక్కసారి చెప్పొచ్చుగా నాతో."

"చెబితే, దాని చేత్తో చేసిన రొట్టె తినగలిగేదానివా?"

గాలియా అబద్ధం ఆడదామనుకుందో ఏమో, ఆడలేకపోయింది.

"తినేదాన్ని కాదేమో," అంది.

అదీ జరిగింది. ఆరు, ఎనిమిది అంటూ రెండు చలికాలాల పాటు ఖల్ఫాన్ వేసిన గొడవంతా ఒక గోడ. తల్లి కోపం కూతురి మీదికి పోకుండా తన మీదే పడేలా కట్టుకున్న గోడ. తన పిసినారితనమని తనే చాటుకున్నాడు, ఊళ్ళోవాళ్ళూ నిజమేననుకున్నారు. గాలియా ఆ సందులోనే చతికిలబడి, రయ్యా తల ఒళ్ళోకి లాక్కుని, నోటికి ముసుగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొడుకు కోసం ఏడ్చిందో, మొగుణ్ణి అన్న మాటలకి ఏడ్చిందో, ఒళ్ళోవున్న పిల్ల మీద ఒక్క క్షణం పుట్టిన కోపానికి ఏడ్చిందో చెప్పడం కష్టం. ఆ కోపం పుట్టలేదని నేను మాత్రం అనను. కన్నతల్లికైనా పుడుతుంది.

చాలాసేపటికి లోపల ఫోన్ మోగింది. గాలియా లేచి వెళ్ళింది. కింద కూర్చుని, పక్కన పోగైన రొట్టెల్ని వదిలి, పెనం మీద మాడినదాన్నే తీసుకుని విరిచింది. చల్లారి పెళుసుగా ఉంది. గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని చూస్తూ నోట్లో పెట్టుకుంది. మొదటి ముక్క గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. రెండో ముక్క కూడా విరుచుకుంది. అప్పుడు, ఆగి మళ్ళీ మోగుతున్న ఫోన్ ఎత్తింది.

సులేమాన్ మర్యాదగా క్షేమసమాచారాలు అడిగి, ఆరా ఎనిమిదా అమ్మా అన్నాడు. గాలియా ఫోన్ కూతురి వైపు చాపింది.

"నడిపేదానివి నువ్వు. నువ్వే చెప్పు."

రయ్యా ముక్కు తుడుచుకుంది. "ఆరు," అంది. "ఇరుక్కుంటే తవ్వుకుంటాను. ఎంతసేపైనా తవ్వుకుంటాను."

గాలియా ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. "విన్నావుగా బాబూ, ఆరుది. వెనకాల ఆ గుండు ఉంటే ముందు అది పీకెయ్యి. పార ఒకటి వెయ్యి. మంచి పార."

వాకిట్లో పాత బండి మళ్ళీ మోగింది. గాలియా ఈసారి లేచి గుమ్మంలోకి వచ్చింది. ఖల్ఫాన్ బండిని గోడ దగ్గర్నుంచి తీసి, వాకిట్లో గుండ్రంగా తిప్పి, విరిగిన మొదలు ఇంటి వైపు ఉండేలా నిలబెట్టాడు. దిగి, తాళాలు చేతిలో పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియనివాడిలా అక్కడే నిలబడ్డాడు. ఈ మధ్య ఎంత ముసలివాడైపోయాడో గాలియా అప్పుడే చూసింది.

ఆవిడ ఫ్లాస్కు అందుకుంది. పొద్దుటి కప్పు కడిగి తెచ్చి, తన చేత్తో నింపింది.

"అబూ హిలాల్," అని పిలిచింది. "కాఫీ చల్లారిపోతుంది, రా."

ఖల్ఫాన్ వచ్చి కూర్చుని తాగాడు. ఆవిడ మళ్ళీ పోసింది. అతను కప్పు ఆడించలేదు. ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా ఆడించలేదు.