సగం సిగ్నల్

మిరప కల్లం నుంచి నేరుగా చీరాలలోని ఉదయశ్రీ ఆఫీసుకు వచ్చిన సామ్రాజ్యం కుర్చీలో కూర్చోలేదు.

“మా భానుశ్రీ పన్నెండు రోజులుగా కనపట్టల్లేదమ్మా. ఎవరితోనో లేచిపోయిందంటున్నాడు వాళ్ల మామ. నా బిడ్డ అట్టాంటిది కాదు. ఆ ముందురోజే ఫోన్ చేసి, వాళ్ల పొలంలో కూలికొచ్చే నస్రత్‌ని బండి గుద్ది చంపిందని ఒకటే ఏడ్చింది. ఏ బండని అడిగితే మాత్రం చెప్పలా.”

ప్రైవేటు డిటెక్టివ్ ఉదయశ్రీ వెంటనే లేచింది. సహాయకుడు ఖాదర్ వలి సామ్రాజ్యాన్ని కూడా ఎక్కించుకుని కారు తీశాడు.

పర్చూరులో భానుశ్రీ అత్తింటి వాకిట్లో పాత ట్రాక్టర్ ఉంది. ముందుభాగానికి మాత్రం కొత్త రంగు. హాల్లో కేబుల్ ఆపరేటర్ జక్రయ్య టీవీతో కుస్తీ పడుతున్నాడు. బొమ్మ ముక్కలు ముక్కలుగా ఆగిపోతోంది.

“నేనే పిలిపించానండి,” అన్నాడు భానుశ్రీ భర్త శివనాగరాజు. అతని గడ్డం మాసిపోయింది. “ఎక్కడన్నా శవం దొరికిందని చెప్తారేమోనని ఇంటికి రాగానే వార్తలు పెడుతున్నా. పది రోజులుగా ఇదే గోల.”

అతని తండ్రి గురవయ్య విసుక్కున్నాడు. “మబ్బేసింది గదా, అదే సర్దుకుంటది. నువ్వు పోవయ్యా.”

“కేబుల్‌కి మబ్బుతో పనేముందండీ?” అన్నాడు జక్రయ్య. “స్తంభం దగ్గర సిగ్నల్ నిండుగా ఉంది. కనెక్టర్లు మార్చాను, బాక్స్ మార్చాను. అయినా ఇక్కడ సగమే. ఒక వైరుని రెండు టీవీలకి పంచితే ఇట్టా అవుద్ది. వీళ్లకి చూస్తే ఒక్కటే టీవీ.”

“పగలు ఇంట్లో ఎవరుంటారు?” ఉదయశ్రీ అడిగింది.

“నాన్నొక్కడేనండి. నేను గుంటూరు మిర్చి యార్డుకి పోతా. ఆయనకి టీవీ అలవాటే లేదు,” అన్నాడు శివనాగరాజు.

ఆమె ఖాదర్ వలితో వెనకసందులోకి వెళ్లి పక్కింటి రహిమున్నీసాను పలకరించింది.

“రోజూ పగలంతా వీళ్ల టీవీ మోతేనమ్మా! ఇవాళే ఎందుకో ఆపారు.”

ఉదయశ్రీ ఎస్సైకి ఫోన్ చేసింది. ఆయన వచ్చాక అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

“సిగ్నల్ తగ్గిందని కేబులాయన్ని పిలిచింది కొడుకు. మబ్బు వంకతో పంపేయబోయింది తండ్రి. వైరు పంచిందెవరో అక్కడే తెలిసింది. టీవీ చూడని మనిషి ఒక్కడే ఉండే ఇంట్లో పగలంతా ఆ మోత దేనికి? ఇంకో గొంతు బయటికి వినపడకుండా. గురవయ్యగారూ, నస్రత్‌ని గుద్దింది మీ ట్రాక్టరే. రంగు వేయించారు. భానుశ్రీ చూసింది, స్టేషన్‌కి వెళ్తానంది. అవునా?”

గురవయ్య చూపు పెరటి వైపు వెళ్లింది. ఖాదర్ వలి మాత్రం ఉదయశ్రీనే చూస్తూ ఉండిపోయాడు. తనూ ఆ మాటలన్నీ విన్నాడు, ఆ రంగూ చూశాడు.

జక్రయ్య చూరు కింద వైరు పట్టుకుని నడిచాడు. అది పెరట్లోని గోడౌన్‌లోకి వెళ్లింది. ఎస్సై తాళం పగలగొట్టాడు. మిరపకాయల ఘాటుకి అందరికీ దగ్గొచ్చింది. బస్తాల వెనక పాత టీవీ, దాని పక్కన నిద్రమాత్రలు. ఆ పక్కనే చేతులు కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కిన భానుశ్రీ. కళ్లు తెరిచే ఉన్నాయి.

“ఇంటి పరువు పోద్దనిరా, రాజూ...” అన్నాడు గురవయ్య. శివనాగరాజు తండ్రి వైపు చూడలేదు. భార్య నోట్లో గుడ్డ తీసి కట్లు విప్పాడు.

సామ్రాజ్యం నీళ్ల గ్లాసు అందించింది. భానుశ్రీ దాన్ని పక్కకి నెట్టి ఎస్సై వైపు తిరిగింది.

“రాసుకోండి సార్. నస్రత్ అప్పటికింకా బతికే ఉంది. నీళ్లడిగింది. మామయ్య దిగి చూశాడు. మళ్లీ ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.”