తిత్తి గదికి గడియ

మధ్యాహ్నం నమాజు చేసుకుని నిసార్ మెథడిస్టు చర్చికి వచ్చేసరికి, అనీస్ మెట్ల మీద కూర్చుని తీరిగ్గా టీ తాగుతున్నాడు. నిసార్ తోలు పనివాడు. అనీస్ అతని చెల్లెలు సమీనా మొగుడు. ఆమెకిప్పుడు ఏడో నెల. "మా ఆయన్ని జాగర్తగా తీసుకురా భాయ్" అని పొద్దున్నే మరీ మరీ చెప్పి పంపింది.

పని ఏమంత పెద్దది కాదు. ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన పైప్ ఆర్గన్ అది, గాలితో గొట్టాలు మోగే వాద్యం. ఏళ్ల తరబడి మూగబోయింది. దానికి గాలి ఊదే తోలు తిత్తికి నిసార్ మాసికలు వేశాడు. ఇక గాలి ఎక్కడైనా పోతోందేమో చూడాలి. వెనక ఇరుకు గదిలో ఒకడు తిత్తిలోకి గాలి నింపే చెక్క మీట కొడుతుంటే, ఇంకొకడు ఇవతల తిత్తికి చెవి ఆనించి వినాలి.

కాపలా అశోక్ ఊరుకుంటాడా! నోటి దురద. "జపానోళ్లు బాంబులేసినప్పుడు ఈ మీట కొట్టీ యోసేపని ఒకాయన ఆ గదిలోనే సచ్చిపోనాడు బాబూ. బీడీకి జారుకుంటాడని పెద్దలు బయట గడియేసీవోరంట. బాంబు పడగానే అందరూ పారిపోనారు, ఈయన్ని మర్సిపోనారు. ఎవరికైనా ఇనబడతాదని పొగలో మీట కొడతానే ఉన్నాడంట. ఇవతల వాయించీ మెట్లు నొక్కీవోడేడీ? ఒక్క గొట్టమూ మోగనేదు." చెప్పాల్సింది చెప్పి, చల్లగా భోజనానికి పోయాడు.

"మంచి కబురే సెప్పాడు!" అని నవ్వుతూ అనీస్ గదిలోకి దూరాడు.

సముద్రం గాలికి ఆ గది తలుపు ఒకటే కొట్టుకుంటోంది. ఆ రభసలో చెవికేం వినపడుతుంది? నిసార్ విసుక్కుని బయట గడియ పెట్టేశాడు.

మీట కిర్రుమంది. తిత్తి మెల్లగా ఉబ్బింది. పాత తోలు వాసన, ఉప్పుగాలి. మాసికలు నిలిచాయి. నిసార్‌కి హాయిగా అనిపించింది.

"సాల్రా, ఆపు!"

ఆగలేదు.

"ఏటి సేత్తన్నావ్రా?"

"బావా..." లోపల్నుంచి గుసగుస. "నాను కొట్టట్నేదు... అదే కొట్టుకుంటంది. సేతులు రాట్నేదు..."

మీట జోరందుకుంది. ధన్... ధన్... మధ్యలో ఎముక విరిగిన చప్పుడు. అనీస్ కేక. ఆ కేక మీదే గొట్టాలన్నీ ఒక్కసారి మోగాయి.

వాయించే మెట్ల దగ్గర ఎవరూ లేరు.

నిసార్ గడియ లాగాడు. రాలేదు. వేలి గోరు ఊడింది. సుత్తితో బాదాడు. "ఒదిలెయ్ వాణ్ణి! నీకు దణ్ణవెడతాను!" తలుపు కింద నుంచి నెత్తురు పారింది. ఇక తోలు కత్తి తీసి తిత్తిని పొడిచాడు. పోటు మీద పోటు... తను వేసిన మాసికలన్నీ చీల్చేశాడు. వేడిగాలి బుస్సుమని మొహాన కొట్టింది.

మీట ఆగింది. గడియ దానంతటదే జారింది.

అనీస్ మీటకి వేలాడుతున్నాడు. అరచేతుల చర్మం చెక్కకి అంటుకుపోయింది. మీట దెబ్బలకి రొమ్ము లోపలికి కుంగిపోయింది. ఊపిరి లేదు. నిసార్ వాణ్ణి ఒళ్లో వేసుకుని గొల్లుమన్నాడు. "సమీనాకేటి సెప్పమంటావురా..."

అప్పుడు వాడి ముక్కులోంచి గాలి వచ్చింది.

ఆసుపత్రిలో సమీనా పొట్ట పట్టుకుని పరుగున వచ్చింది. మొగుడి ముక్కు కింద అరచెయ్యి పెట్టింది. "ఉన్నాడు భాయ్! ఊపిరుంది!" అని ఏడుస్తూనే నవ్వింది. నిసార్ అల్లాకి వెయ్యిసార్లు షుక్రియా చెప్పుకున్నాడు.

ఆమె చెయ్యి తియ్యలేదు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"భాయ్... గాలి బయటికే వత్తంది." గొంతు తగ్గించింది. "ఎంతసేపు సూసినా... లోపలికి పోట్నేదు."