నాలుగో అంతస్తులో సంపెంగ వాసన

నాలుగో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. ఆ హోటల్లో పనిచేసేవాళ్లను ఎవర్ని అడిగినా గొంతు తగ్గించే చెప్తారు. అందులో దిగిన ఒకావిడ నిద్రలోనే పోయింది. ఆరేడు నెలలు ఏ గొడవా లేదు. ఆ తర్వాత మొదలైంది — రోజూ చీకటి పడ్డాక, ఆ గది ముందు, సంపెంగ వాసన…

అదెందుకొస్తోందో తనకు తెలుసనుకున్నది ఒక్కతే. ఆ అంతస్తులో గదులు సర్దే ఆమె.

ఆ హోటల్లో ఒక పద్ధతి ఉంది. దిగినవాళ్లు మరిచిపోయిన వస్తువును ఆరు నెలలు బీరువాలో ఉంచుతారు. ఎవరూ అడక్కపోతే, గది సర్దుతూ దాన్ని తీసినవాళ్లకే ఇచ్చేస్తారు. అలా పోయినావిడ సెంటు సీసా ఈమె చేతికొచ్చింది. వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు.

ఎందుకంటే ఇంట్లో ఆరేళ్ల కూతురుంది. పిల్ల లేవకముందే ఈమె బయల్దేరాలి, తిరిగొచ్చేసరికి పిల్ల సగం నిద్రలో ఉంటుంది. పక్కలో వేసుకుని పడుకునే ఆ కాసేపే ఈమెకు మిగిలింది. ఒకరోజు అత్తగారు, “ఒంటినిండా ఫినాయిలు కంపు, పిల్లకెలా పడుతుందే?” అంది. ఆ మాట గుచ్చుకుంది.

అందుకని పని అయ్యాక, చివరి గదికి కాస్త ఇవతలున్న దుప్పట్ల గది గుమ్మంలో నిలబడి మెడకింత, మణికట్లకింత కొట్టుకునేది. చల్లగా తగిలేది… ఒక్కసారి గుప్పుమనేది. ఆ కాసేపు కాళ్ల పీకులు కూడా ఇంకెవరివో అనిపించేవి. రెండు వారాలు తిరక్కుండానే ముక్కుకు అలవాటైపోయి వాసనే తెలిసేది కాదు. పైగా పిల్ల ఈమె దగ్గరికి రావడం మానేసి, నాయనమ్మ వైపు జరిగిపోయేది. ఫినాయిలు ఇంకా పోలేదు కాబోలనుకుని ఇంకాస్త కొట్టుకునేది.

ఇంతలో తోటివాళ్లు సాయంత్రాలు ఆ వైపు రావడం మానేశారు. ఆవిడ తన సీసా కోసమే తిరుగుతోందని ఈమెకు లోపల పీకుతూనే ఉండేది. అయినా పారేయడానికి చేతులు రాలేదు. భయపడ్డానికైనా ఓపిక ఉండాలి కదా.

ఆ సాయంత్రం నొక్కితే ఉత్త గాలే వచ్చింది. సీసా ఊపి చూసింది. చుక్క లేదు. ఇక ఇవాళ ఫినాయిలుతోనే ఇంటికి.

తలుపు వేసి తిరిగేసరికి వరండాలో దీపాలు పోయాయి.

చివరి గది ముందు… ఎవరో ఉన్నారు.

కనపడలేదు. వినపడింది. గట్టిగా గాలి పీలుస్తున్న చప్పుడు — ఆగి, ఓ అడుగు ముందుకేసి, మళ్లీ పీలుస్తూ… దేన్నో వాసన చూస్తున్నట్టు.

ఆమె గోడకు అతుక్కుపోయింది. చప్పుడు దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి…

“అయిపోయింది,” అంది కళ్లు మూసుకుని. “నా దగ్గర చుక్క కూడా లేదు.”

టార్చి వెలిగింది. వాచ్‌మన్.

“నువ్వా చెల్లెమ్మా,” అన్నాడు గుండె పట్టుకుని. రోజూ ఆమె దిగి వెళ్లగానే వాసన మొదలయ్యేదని, ఇవాళ ఎంత పీల్చినా తగల్లేదని, ఆవిడ వెళ్లిపోయినట్టుందని చెప్పాడు.

రోజూ తను దిగి వెళ్లగానే… ఆమె ఖాళీ సీసా వంక చూసుకుంది. ఇన్నాళ్లూ అందర్నీ హడలగొట్టిన దెయ్యం తనే. నవ్వొచ్చింది గానీ, నవ్వే ఓపిక లేక మెట్లు దిగింది.

ఇంట్లో దీపం ఆర్పేశారు. చప్పుడు కాకుండా పిల్ల పక్కన వాలింది. ఫినాయిలు కంపు ఇవాళ తన ముక్కుకే తెలుస్తోంది. సిగ్గేసి కాస్త దూరంగానే పడుకుంది.

చీకట్లో పిల్ల కదిలింది. జరుగుతూ జరుగుతూ వచ్చి, ఆమె మెడ దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. రెండు చేతులూ వేసి వాటేసుకుంది.

“అమ్మా… ఇవాళ నువ్వొచ్చావా?” అంది గుసగుసగా.

“రోజూ నేనేగా వచ్చేది, తల్లీ.”

“కాదు. రోజూ వేరే ఆవిడ వచ్చి పడుకుంటోంది. పూల వాసన ఆవిడ. నేను కళ్లు తెరవకుండా, నిద్రపోయినట్టు పడుకుంటున్నా.”

అది కూడా నేనే అనబోయింది ఆమె. పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.