ఎడమకు తిరిగిన కళ్ళు

"కంప్యూటర్లో ఉన్నది బాగానే పనిచేస్తోందిగా! ఎందుకండీ కొరివితో తల గోక్కోవడం?" అని నవ్వుతూ నా భార్య డయానా ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళింది. చెబితే వినే బుద్ధి నాకుంటే ఇవాళ మీకీ కథ చెప్పే ఖర్మ పట్టేది కాదు.

1998 ఆగస్టు. కొండపల్లిలో మా అద్దె ఇల్లు. కరెంటు పుట్టే థర్మల్ ప్లాంటు పక్కనే ఉన్నా, దీపం కింద చీకటన్నట్టు మా బల్బు ఎప్పుడూ ఎర్రగానే వెలిగేది. సాయంత్రం ఆరింటికి, ముసురులో, పాత కంప్యూటర్లో లినక్స్ అనే కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కిస్తూ కూర్చున్నాను. నా ఎడమ పక్కన ఉయ్యాలలో ఎనిమిది నెలల మార్త నిద్రపోతోంది. పెళ్ళయిన ఆరేళ్ళకు పుట్టిన పిల్ల. ఉయ్యాల అవతల పెరటి తలుపు. మా అత్తగారు శౌరమ్మ వెనకనుంచి ఏదో అన్నారు. నేను తల తిప్పకుండానే "ఊ" అన్నాను.

లినక్స్‌లో తెర మీద బొమ్మ వేసే ప్రోగ్రామును ఎక్స్ సర్వర్ అంటారు. అప్పట్లో అవి రకరకాలు. మన మిషనుకు నప్పేది మనమే ఎంచుకోవాలి. పరీక్షించడానికి ఓ సరదా బొమ్మ ఉండేది, రెండు పెద్ద కళ్ళు. మౌస్ బాణం ఎటు పోతే అటు చూస్తాయి.

అన్ని రంగుల సర్వర్ పెట్టాను. కళ్ళు బుద్ధిగా బాణం వెంట తిరిగాయి గానీ, బొమ్మ చెదిరింది. పదహారు రంగులది పెట్టాను. బొమ్మ శుభ్రంగా వచ్చింది. బాణాన్ని కుడికి జరిపాను.

కళ్ళు ఎడమకు చూస్తున్నాయి.

మౌస్ పాడైందనుకుని వైరు పీకేశాను. కళ్ళు కదిలాయి... మెల్లగా... ఇంకా ఎడమకు. ఎక్కడినుంచో తడి బూడిద వాసన వచ్చింది.

వైరు పెట్టి మళ్ళీ మొదటి సర్వర్‌కి మారాను. కళ్ళు బాణాన్నే చూశాయి. రెండోదానికి వచ్చాను. ఎడమకు... ఒక సర్వర్ దాస్తోంది. ఒకటి చూపిస్తోంది. ఎడమ పక్కన ఉన్నది మార్త!

"అత్తయ్యా..." పిల్లను ఎత్తుకుని గుసగుసగా పిలిచాను.

పెరటి తలుపు తెరుచుకుంది. వానకు తలమీంచి గోనెపట్టా కప్పుకున్న మనిషి. మొహం కనపడలేదు.

"పిల్లని ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళండి... తొందరగా..."

"ఇటివ్వు."

ఇచ్చాను. నా చేతులతో నేనే ఇచ్చాను.

తెర వైపు తిరిగాను. కళ్ళు ఇంకా ఎడమకే ఉన్నాయి. ఖాళీ ఉయ్యాలనా చూస్తున్నాయి? కాదు... ఉయ్యాల అవతల తలుపుంది. కళ్ళు నెమ్మదిగా వచ్చి బాణం మీద ఆగాయి.

అప్పుడు వీధి తలుపు చప్పుడైంది. పాలగిన్నెతో, గొడుగుతో అత్తయ్య.

"పాలకు వెళ్ళొస్తా, పిల్లను చూస్తుండమంటే ఊ అన్నావుగా బాబూ! పిల్లేది?"

పెరట్లోకి పరుగెత్తాం. బురదలో ఒక్క అడుగు జాడ లేదు. ఊరంతా వెతికారు. నేను మాత్రం ఆ పెట్టె ముందే కూర్చుని సర్వర్లు మారుస్తూ, ఒక్కసారి చూపించమని ఏడ్చాను. ఏది పెట్టినా కళ్ళు బాణాన్నే చూశాయి.

రెండేళ్ళయింది. డయానాకిప్పుడు ఏడో నెల. నిన్న సాయంత్రం నా ఎడమ పక్కన నిలబడి, భుజం మీద చెయ్యేసింది.

"ఇంకా ఈ పెట్టెనేనా అండీ?"

తడి బూడిద వాసన. కళ్ళు బాణాన్ని వదిలి మెల్లగా ఎడమకు తిరిగాయి... కొంచెం కిందికి... ఆమె పొట్ట ఎత్తున ఆగాయి.