ఖాళీ బన్ను

"నేను ముయ్య," అంది దీవెన.

ఆమె అరచేతిలో మైదాపిండి చిన్న పూరీలా పరుచుకుని ఉంది. దాని మధ్యలో చక్కెర కలిపిన వెన్న ఉండ. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీశారు కాబట్టి గోలీలా గట్టిగా ఉంది. స్వర్ణలత టీచర్ వంటింట్లో కూర్చున్న పిల్లలందరి చేతుల్లోనూ అవే ఉన్నాయి. కోరుట్లలో వాళ్ల చర్చి పిల్లలకు సండే స్కూల్ చెప్పేది ఆవిడే. తెల్లవారితే ఈస్టర్.

"గా వెన్న ఉండను యేసయ్య శరీరం అనుకోండ్రి. పిండి సమాధి," అంది టీచర్. "మంచిగ మూసి అంచులు నొక్కుండ్రి. ఓవెన్‌ల కాలినంక ఇప్పి చూద్దాం, లోపల ఏముంటదో."

అందరూ మూసేశారు. దీవెన మాత్రం చెయ్యి చాపుకునే ఉంది. ఆరేళ్ల పిల్ల. "మూస్తే ఊపిరాడదు," అంటూ ఏడుపు మొదలుపెట్టింది.

పక్కనే ఉన్న అక్షయ్‌కు తల కొట్టేసినట్టయింది. అతను దీవెనకు అన్న, ఐదో తరగతి. చెల్లెలు ఎందుకు ఏడుస్తోందో అతనికి తెలుసు. దసరాకు ముందు వాళ్ల బాపు, అంటే నాన్న ఏసుబాబు, దుబాయి నుంచి పెట్టెలో వచ్చాడు. పెట్టె తెరవొద్దన్నారు పెద్దలు. తెరవకుండానే మట్టిలో పెట్టారు. అన్నీ తెలుసు. అయినా ఆ నిమిషంలో అక్షయ్‌కు కావలసింది ఒక్కటే. చెల్లెలు ఏడుపు ఆపాలి. అందరూ చూస్తున్నారు.

చెల్లెలి చెవిలో గుసగుసగా అన్నాడు. "ముయ్యే. రేపు పొద్దుగాల బాపు గూడ గిట్లనే లేసి అస్తడు. ఎవ్వలకు చెప్పకు."

"నిజంగనా?"

"నిజంగనే."

దీవెన ముక్కు తుడుచుకుంది. పిండి మూసి, అంచులు అందరికంటే గట్టిగా నొక్కింది. అబద్ధం అంత తేలిగ్గా పనిచేస్తుంది మరి. చిక్కంతా తర్వాతే వస్తుంది.

బన్నులు కాలాయి. విరిస్తే లోపల వెన్న ఉండ లేదు. అంతా కరిగిపోయి ఖాళీగా ఉంది.

"యేసయ్యను పెట్టిన సమాధి గూడ గిట్లనే ఖాళీ అయింది," అంది టీచర్. "సావు ఆయనను పట్టి ఉంచలేకపోయింది. గందుకే మనకు ఈస్టర్."

పిల్లలు బన్నుల మీద పడ్డారు. దీవెన తినలేదు. ఆ ఖాళీలోకి చూస్తూ నవ్వింది. అది నవ్వి ఎన్నాళ్లయిందో. అక్షయ్‌కు కూడా సంతోషమే వేసింది. మంచిపనే చేశాననుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ కరుణ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. దీవెన ట్రంకుపెట్టె తెరిచి బాపు నీలం చొక్కా బయటికి తీసింది.

"అమ్మా, ఇస్త్రీ చెయ్యి. రేపు బాపు తొడుక్కుంటడు."

అమ్మ చేతులు ఆగిపోయాయి. "ఎవలు చెప్పిండ్రే నీకు?"

దీవెన అన్న వైపు చూసి, పెదవులు బిగించుకుంది.

"టీచర్ చెప్పిందా?"

అప్పుడే నిజం చెప్పేయొచ్చు అక్షయ్. చెప్పలేదు. బడి సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చాడు. అమ్మ ఆ చొక్కాలో ముఖం దాచుకుని ఏడ్చింది. చూడలేక వాడు బయటికి వెళ్లిపోయాడు.

తెల్లవారుజామున అందరూ సమాధుల దగ్గరికి వెళ్లారు. ఈస్టర్ పొద్దున అక్కడ కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పెట్టి, పాటలు పాడుతారు. దీవెన అందరికంటే ముందు పరుగెత్తింది. చేతిలో కవరు, కవరులో చొక్కా.

బాపు మీద పరిచిన బండ ఎప్పటిలాగే ఉంది.

దీవెన కవరు కింద పెట్టింది. బండ అంచు కింద వేళ్లు దూర్చింది. "అన్నా, పట్టు. బాపుకు బరువైతందేమో."

పాట ఆగిపోయింది. అమ్మ టీచర్ వైపు తిరిగింది. "సంబురమా అక్కా? పొల్లకు నువ్వు నేర్పింది గిదేనా? ఇన్ని దినాలు నేనెట్ల సముదాయించుకుంట వచ్చిన్నో నీకెరుకేనా?"

స్వర్ణలత టీచర్ ముఖం పాలిపోయింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అక్షయ్ ఇప్పుడు కూడా ఊరుకుంటే తప్పించుకోవచ్చు. అమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"టీచర్ చెప్పలే అమ్మా. నేనే చెప్పిన. ఏడుస్తుందని అబద్ధం చెప్పిన."

అమ్మ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

"మరి బాపు రాడా?" అంది దీవెన.

"ఇయ్యాల రాడే," అన్నాడు అక్షయ్.

"ఎప్పుడస్తడు?"

అక్షయ్ టీచర్ వైపు చూశాడు. టీచర్ దీవెన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "దేవుడు మనందరిని ఒకనాడు లేపుతడని నమ్ముకున్నం బిడ్డా. గా రోజు ఎప్పుడో నాకు తెల్వదు. రేపో ఎల్లుండో అని చెప్తే, గది గూడ అబద్ధమే అయితది."

దీవెన బండ వదిలింది. అన్న చెయ్యి అందుకుని గట్టిగా కొరికింది. ఎవ్వరూ వద్దనలేదు. అక్షయ్ చెయ్యి లాక్కోలేదు.

ఆ తర్వాత చాలా రోజులు దీవెన వాడితో మాట్లాడలేదు. అన్నం మాత్రం పక్కపక్కనే తిన్నారు.

ఒక మధ్యాహ్నం అమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. ఉన్నట్టుండి మబ్బు పట్టి వాన దంచికొట్టింది. దీవెన గడపలో కూర్చుని వాననే చూస్తోంది.

"అన్నా," అంది తల తిప్పకుండానే. "బాపు తడుస్తడా?"

అక్షయ్ నాలుక చివరికి ఒక తియ్యని మాట వచ్చింది. దేవదూతలు గొడుగు పడతారని చెప్పొచ్చు. చెబితే నమ్ముతుంది. నవ్వుతుంది కూడా. ఆ మాటను వాడు మింగేశాడు.

"నాకు తెల్వదే," అన్నాడు. "వాన పడ్డప్పుడల్లా నాకు గూడ గదే బుగులైతది, భయమైతది."

వచ్చి గడపలో దాని పక్కన కూర్చున్నాడు. దీవెన దూరం జరగలేదు. దగ్గరికీ రాలేదు. వాన తగ్గేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.