గాలి కనిపించిన మేడ

"ఈ దుప్పట్లు ఎవరివండీ?"

"మావే. ఈ స్తంభం ఎవరిది?"

"నాది. గాలి కొలిచేది."

"అయితే గాలి కూడా మీదేనా?"

ఇంజినీరు మీటరు వంక చూశాడు. ఈ మేడ మీద గాలిమర పెడితే లిఫ్టుకు సరిపడా కరెంటు వస్తుందో లేదో తేల్చడానికి వచ్చాడతను. రోజూ పొద్దున గాలి ఉన్నట్టుండి ఎందుకు పడిపోతోందో తెలియక ఆఫీసులో తల పట్టుకున్నాడు. తీరా చూస్తే, పై ఫ్లాటు టైలరమ్మాయి స్తంభం తీగల మీద దుప్పట్లు ఆరేస్తోంది.

"మీ వల్ల నా లెక్కలన్నీ తప్పాయి."

"మీ మిషన్ కంటే మా దుప్పట్లే నయం. ఒకటి ఇటు కొట్టుకుంటోంది, పక్కది అటు. చూశారా?"

అప్పటిదాకా చూడలేదు.

మర్నాడు ఆమె కుట్టగా మిగిలిన రంగుల పీలికలు తెచ్చింది. ఇద్దరూ కలిసి స్తంభం పొడుగునా, పిట్టగోడ వెంబడి కట్టారు. ముడి వేస్తుంటే వేళ్లు తగిలాయి. సారీలు చెప్పుకున్నారు గానీ ఎవరూ పక్కకు జరగలేదు.

అంతలో గాలి వచ్చింది.

పిట్టగోడ మీది పీలికలు నిటారుగా ఆకాశంలోకి లేచాయి. స్తంభం మీదివి వెనక్కి తిరిగి సుడి చుట్టాయి. వీధిలోంచి వచ్చి గోడను ఢీకొన్న గాలి మేడ అంచు ఎక్కి, వాళ్ల నెత్తి మీద పొంగిన ఏరులా తిరుగుతోంది. ఏళ్లుగా గాలిని కొలిచాడు గానీ, కళ్లారా చూడటం అదే మొదటిసారి.

"ఇంత పెద్దదా..." అంది ఆమె మెల్లగా. "ఇన్నాళ్లూ దీని కిందే బట్టలు ఆరేశాను."

అతను గాలిని చూశాడు, ఆమెను చూశాడు. ఆమెనే ఎక్కువసేపు చూశాడు.

అప్పుడే అతనికి అసలు సంగతి అర్థమైంది. ఈ సుళ్లలో మర నిలవదు. రిపోర్టులో కుదరదనే రాయాలి. మర కోసం ఫ్లాట్ల వాళ్లందరినీ ఒప్పించిన ప్రెసిడెంటు ఈ అమ్మాయి నాన్నే. ఆయన ఆశ మీద నీళ్లు చల్లి, అదే నోటితో పిల్లను ఇమ్మని ఎలా అడగడం?

మర కుదరదని చెబితే, "కుదురుతుందని రాస్తే రోజూ రావచ్చుగా" అని ఆటపట్టించింది ఆమె.

"రావచ్చు. కానీ అబద్ధం రాసి మీ ముఖం చూడలేను."

ఆమె నవ్వు ఆపి, కిందికి వెళ్లి నాన్నను తీసుకొచ్చింది.

"ఇంత గాలి పెట్టుకుని కుదరదంటావా?" అన్నారాయన.

"కుదరదు సార్. ఒక దారిన రావట్లేదు. మర విరిగిపోతుంది."

ఆయన తలెత్తి సుడి తిరిగే పీలికలను చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. కోపం వస్తుందనుకుంటే, పసివాడిలా నోరు తెరిచి నిలబడిపోయారు.

"అయితే స్తంభం పీకేస్తావా?" అన్నారు చివరికి.

"పీకాలి సార్."

"మరి నా దుప్పట్లు?" అంది కూతురు, ఇంజినీరు వంకే చూస్తూ.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"స్తంభం ఉండనీలే. తీగలు వదులైతే బిగించడానికి నువ్వే రావాలి." మెట్ల దాకా వెళ్లి ఆగారు. "ఈసారి ఒక్కడివే రాకు. మీ అమ్మనీ నాన్ననీ తీసుకురా."