ఆపరేషన్ ఇరవై తొమ్మిది డిగ్రీలు

"మంచు ముఠా సింగపూర్‌లో దిగింది," అన్నాడు చీఫ్ డిక్రూజ్.

ఏజెంట్ టియో బూన్ సియాంగ్ వణికాడు. భయంతో కాదు. చీఫ్ గదిలో ఏసీ పద్దెనిమిది మీద ఉంది.

"జురాంగ్‌లో ఒక డేటా సెంటర్. ఆరు ఆసుపత్రుల రోగుల రికార్డులు అక్కడి హాల్ త్రీలో ఉన్నాయి. ఆ హాలు ఇరవై రెండు డిగ్రీల్లో కాకుండా ఇరవై తొమ్మిదిలో నడిచేలా కమారియా అనే ఇంజనీరు ఎనిమిదేళ్ళు కూర్చుని ప్రోగ్రాం రాసింది. మూడో వంతు కరెంటు మిగులుతుంది. వచ్చే శుక్రవారం మూడింటికి విదేశీ అతిథుల ముందు డెమో."

"ముఠాకేం నొప్పి సార్?"

"వాళ్ళు చిల్లర్లు, అంటే హాళ్ళను చల్లబరిచే యంత్రాలు, అమ్ముతారయ్యా. హాళ్ళు వెచ్చబడితే వ్యాపారం చల్లబడుతుంది."

"చిల్లర్ల కోసం ఇంత చిల్లర పనా!"

చీఫ్ నవ్వలేదు. ఒక కళ్ళజోడు, ఒక పాసు బల్ల మీద పెట్టాడు. "జోడులో కెమెరా ఉంది. పాసు హాల్ త్రీ తలుపు తెరుస్తుంది. నువ్వు టెక్నీషియన్‌వి. ముఠాలో మన మనిషి సెరాఫినా. 'ఇక్కడ మంచు పడుతుందా?' అని అడుగుతుంది. ఇక్కడ అందరూ తినే తురుమైసు మిఠాయి పేరు చెప్పి, 'కచాంగ్ ఐసు మీదే' అను."

వారం రోజుల్లో టియో ముఠా జాడ పట్టలేకపోయాడు గానీ, కమారియా తెచ్చే కొబ్బరి కువే మిఠాయి ముక్కలకు బాగా అలవాటు పడ్డాడు.

"తిను, మొహమాటపడకు," అనేది ఆమె. తలకు చుట్టిన తుడుంగ్ సర్దుకుని స్క్రీన్ చూపించేది. "ఎక్కడ వేడెక్కితే అక్కడి ఫ్యాన్లే తిరుగుతాయి. ఒకడికి జ్వరమొస్తే ఊరందరికీ మాత్రలు మింగించడం మన పద్ధతి కాదు."

శుక్రవారం మధ్యాహ్నం సెరాఫినా, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కు రమ్మంది. ఏసీలోంచి బయటకు అడుగు పెట్టగానే టియో కళ్ళజోడు ఆవిరి పట్టి గుడ్డిదయింది. కెమెరాలో వారం రోజులుగా రికార్డయింది ఈ పొగమంచే.

జనం కిటకిట. ఒకే ఒక్క బల్ల ఖాళీ. అక్కడ టియో ఆ ఊళ్ళో పుట్టిన ఏ ఆఫీసు మనిషైనా చేసే పనే చేశాడు. మెడలోంచి పాసు తీసి బల్ల మీద పడేసి, లాక్సా నూడుల్స్ లైన్లో నిలబడ్డాడు. ఆ ఊళ్ళో బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టినా చాలు, ఆకలితో చచ్చేవాడు కూడా అక్కడ కూర్చోడు.

పావుగంటకు గిన్నెతో తిరిగి వచ్చేసరికి ఎర్రటి పట్టుగౌనులో ఒక సుందరి ఎదుటి కుర్చీలో పౌడరు అద్దుకుంటోంది.

"ఇక్కడ మంచు పడుతుందా?"

"కచాంగ్ ఐసు మీదే."

"ముఠా రేపు ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. ఇవాళ హాయిగా ఉండు," అంది సెరాఫినా. మాటల్లో పెట్టి గంటసేపు కదలనివ్వలేదు.

రెండున్నరకు కమారియా అతన్ని పిలిచింది. "ఒంటిగంటకి నీ పాసుతో హాల్ త్రీ తలుపు తెరిచినట్టుంది. నువ్వేనా?"

బల్ల మీద పడున్న పాసు, ఆ పక్కనే తెరిచి ఉన్న పౌడరు డబ్బా టియో కళ్ళ ముందు మెదిలాయి. ఇరవై ఏళ్ళ సర్వీసు. నూడుల్స్ కోసం పాసు పారేశానని ఏ నోటితో చెప్పాలి?

"నేనే అక్కా. కేబుల్ ఒకటి వదులైతే బిగించాను."

"బతికించావు. ఎవరో పరాయివాళ్ళేమో అనుకున్నా. వేడిని కొలిచే సెన్సార్లన్నీ చేత్తో ముట్టుకుని చూద్దామనుకున్నా. ఇక అక్కర్లేదు." ఆమె చివరి కువే ముక్క అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని పక్కన పెట్టేశాడు. తానే వెళ్ళి చూద్దామని లేచాడు. అతిథుల బస్సు ముందే వచ్చేసింది, కుర్చీలు సర్దమన్నారు. సర్దాడు. సెరాఫినా కూడా ఆ అతిథుల్లోనే ఉంది.

మూడింటికి డెమో మొదలైంది. స్క్రీన్ మీద ఇరవై నాలుగు డిగ్రీలు. ఫ్యాన్లు దాదాపు ఆగిపోయాయి. అతిథులు చప్పట్లు కొట్టారు. కమారియా మాత్రం హాల్ త్రీ అద్దం గోడకు అరచెయ్యి ఆనించి, చురుక్కుమన్నట్టు లాక్కుంది.

ఫోను మోగింది. స్పీకర్‌లో ఒక నర్సు. "అక్కా, ఐసీయూలో రికార్డులు తెరుచుకోవట్లేదు! ఏ పేషెంటుకు ఏ మందు పడదో కనిపించట్లేదు!"

కమారియా చేతి థర్మామీటరు తలుపు సందులో పెట్టింది. నలభై రెండు. వేడికి యంత్రాలు ఇప్పటికే నెమ్మదించాయి; నలభై అయిదు దాటితే వాటంతటవే ఆగిపోతాయి.

"వెచ్చని హాలన్నారు, వంటిల్లు చేశారే!" అంది సెరాఫినా. ఎవరో నవ్వారు.

కమారియా అతిథుల వైపు తిరిగింది. "క్షమించండి. తప్పు నాది. ఎనిమిదేళ్ళు నేను లెక్క తప్పు వేశాను. పాత చిల్లర్లు వేయిస్తాను. వేడెక్కడానికి అరగంట పడుతుంది... కాదు, చల్లబడడానికి..." మాటలు కలిసిపోయాయి.

నలభై మూడు.

టియో చెవులు కాలిపోతున్నాయి. అతిథుల వెనక తలుపు దగ్గర నిలబడ్డ చీఫ్ అతన్నే చూస్తున్నాడు.

"అక్కా! ఒంటిగంటకి వెళ్ళింది నేను కాదు."

కమారియా తలెత్తి చూసింది.

"నేను హాకర్ సెంటర్లో ఉన్నాను. పాసు బల్ల మీద పెట్టి లాక్సా లైన్లో నిలబడ్డాను. ఈవిడ ఆ పౌడరు డబ్బాతో దాన్ని కాపీ చేసి ముఠాకు అందించింది. నీకు అబద్ధం చెప్పాను. సిగ్గేసింది."

కమారియా మాటకు ఆగలేదు. తలుపు తెరిచి నిప్పుల కొలిమిలోకి పరిగెత్తింది. వెనకే టియో. ప్రతి సెన్సారుకూ పిల్లల నుదుటి మీద అతికించే చల్లని జ్వరం పట్టీ! సెన్సార్లకు చల్లగా, యంత్రాలకు చితిగా ఉంది.

పీకారు. ఆమె కుడి వరస, అతను ఎడమ వరస. నలభై నాలుగు. చివరి పట్టీ ఊడగానే ఫ్యాన్లన్నీ ఒక్కసారి గర్జించాయి. అంకె నలభై నాలుగు మీద తడబడి, నలభై మూడుకు దిగింది.

"వచ్చేశాయి! రికార్డులు వచ్చేశాయి!" ఫోనులో నర్సు ఏడుస్తూ నవ్వింది.

బయట సెరాఫినా తలుపు దాకా వెళ్ళింది. అక్కడ చీఫ్ ఉన్నాడు.

"వీణ్ణి మోసం చెయ్యడానికి ట్రైనింగ్ కూడా అక్కర్లేదు," అందామె సంకెళ్ళు పడుతుంటే.

నాలుగింటికి హాలు ఇరవై తొమ్మిది దగ్గర కుదురుకుంది. ఈసారి కమారియా ప్రతి సెన్సారునూ చేత్తో ముట్టుకుని మరీ అతిథులకు చూపించింది. అందరూ వెళ్ళాక టియో ఆమె ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"అక్కా..."

"నా తప్పు కాదని తెలియని ఆ పది నిమిషాలున్నాయే, టియో, అవి నాకు తిరిగి ఇవ్వలేవు," అంది ఆమె. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వాళ్ళ శాఖలో గెలుపులన్నీ పరమ రహస్యం. ఇరవై ఏళ్ళలో అతను చేసిన సాహసాలేవీ ఇంట్లో పెళ్ళానికి కూడా తెలియవు. ఈ లాక్సా లైను కథ ఒక్కటి మాత్రం, సాయంత్రం బస్సెక్కేసరికి డ్రైవరుకు కూడా తెలుసు.